నేరస్థ మనస్తత్వం ఎవరిది?
స్టువర్టుపురం సెటిల్మెంటు నుంచి పాశమైలారం గేటు దాకా

పాశమైలారం పారిశ్రామిక వాడలో ఏ కంపెనీలోనైనా రాగి తీగో, మోటారో, తుక్కు ఇనుమో పోయిందనుకోండి. మొదటి అనుమానం ఎవరి మీదికి పోతుంది? ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు బస్తీల్లో ఎవర్ని అడిగినా ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోరు. కాంట్రాక్టు లేబర్ మీదికి. వాళ్లలోనూ పాత కేసు ఒకటి మెడకు తగులుకొని ఉన్నవాడి మీదికి, లేదంటే ఫలానా వాడ నుంచో తండా నుంచో వచ్చినవాడి మీదికి. సరుకు బయటికి పంపిన స్టోర్ కీపర్ మీదికి అంత తొందరగా పోదు. అగ్గువకు కొన్న తుక్కు సేటు మీదికి అసలే పోదు.

అనుమానం గాలిలోంచి ఊడిపడదు. దాని వెనక "నేరం చేసేవాడి మనసే వేరు, వాడి పుట్టుకే వేరు" అనే నమ్మకం ఉంది. ఆ నమ్మకానికి ఒకప్పుడు చట్టం అండగా నిలిచింది, శాస్త్రం వంత పాడింది. ఇప్పుడు సినిమా పాడుతోంది. ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో, మనస్తత్వశాస్త్రం దీన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందో, జైలు నుంచి బయటికొచ్చినవాడు మళ్లీ నలుగురిలో నిలబడాలంటే ఏం కావాలో ఈ వ్యాసంలో చర్చించదలచుకున్నాం.

దళిత ఉద్యమం బాధితుడి గురించి మాట్లాడింది. మాట్లాడాలి కూడా. కానీ మన వాడల నుంచి జైలుకు పోయినవాడి గురించి మాత్రం మనం సిగ్గుపడి ఊరుకున్నాం. అతని పేరు మీటింగుల్లో రాదు, కరపత్రాల్లో రాదు. అతని గురించి మాట్లాడే పని పోలీసు శాఖకు, ఒకటి రెండు స్వచ్ఛంద సంస్థలకు వదిలేశాం.

పుట్టుకే నేరమైన కాలం

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. అప్పుడు దాన్ని సమర్థించినవాళ్ల వాదన మన పాఠకులు జాగ్రత్తగా గమనించాలి. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, సాలె కొడుకు సాలె అవుతాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అవుతాడు అన్నారు. కులవృత్తి సిద్ధాంతాన్ని మనువు నుంచి అరువు తెచ్చుకొని దొరలు పోలీసు చట్టం రాసుకున్నారన్నమాట. "పులి కడుపున పిల్లి పుడుతుందా" అనే సామెతను గెజిట్లో అచ్చు వేస్తే ఎట్లుంటుందో ఆ చట్టం అట్లుంది. తెల్లదొర శాస్త్రం, నల్లదొర శాస్త్రం ఇక్కడ చక్కగా కలిశాయి.

మొదట ఉత్తరాదిలో అమలైన ఈ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకలు దాని కింద పడ్డారు. ఎరుకలు అంతకుముందు ఏం చేసేవాళ్లు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని కోస్తా నుంచి లోపలి జిల్లాలకు తిరుగుతూ వర్తకం చేసేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు అదుపు వచ్చింది, అడవి చట్టాలు వచ్చి పశువుల మేత పోయింది, 1876-78 కరువు వచ్చింది. వర్తకం కూలిపోయింది. బతుకు కూలిపోయిన జనాన్ని చూసి, ఇల్లూ ఊరూ లేకుండా తిరుగుతున్నారు గనక వీళ్లు దొంగలని తేల్చారు. ఈ చరిత్రను మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో పాత రికార్డులు తిరగేసి వివరంగా రాశారు. ఉపాధి పోయిన సంగతి చెప్పకుండా మనస్తత్వం గురించి మాట్లాడటం అప్పుడే మొదలైంది.

1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా బాపట్ల, చీరాల మధ్య ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు. కావలి దగ్గర కప్పరాళ్లతిప్పలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు ఇంకొకటి నడిపారు. సీతానగరం, సిద్ధాపురం కూడా ఆ కోవలోవే. రోజూ హాజరు చెప్పాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి హాస్టళ్లలో పెట్టడం కూడా ఈ పద్ధతిలో ఒక భాగం. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్ టక్కర్ దీనికి "క్రిమినోక్యూరాలజీ" అని పేరే పెట్టాడు. అంటే నేరాన్ని రోగంలాగా నయం చేసే శాస్త్రం. ఈ వైద్యం జరుగుతూ ఉండగానే చీరాలలో పొగాకు కంపెనీకి సెటిల్మెంటు నుంచి కూలీలు దొరికారు. పాసు లేకుండా కదలడానికి వీల్లేని మనిషి కూలి రేటు మీద బేరం ఆడలేడు. ఈ ముక్క పాశమైలారం చదువరులకు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు.

నిజాం రాజ్యం కూడా దీనికి అతీతం కాదు. ఎద్దుల మీద సరుకులు మోసి సైన్యాలకు తిండి పెట్టిన లంబాడీలు వర్తకం పోయాక ఇక్కడ కూడా నేరస్థ జాతి అనే ముద్ర మోశారు. భంగ్యా భూక్యా 2010లో ఇంగ్లీషులో అచ్చువేసిన పుస్తకం ఆ కథ చెబుతుంది. నారాయణఖేడ్, జహీరాబాద్ తండాల నుంచి పాశమైలారానికి పనికి వచ్చే పిల్లల తాతముత్తాతల కథ అది.

స్వాతంత్ర్యం వచ్చాక, మన చిత్తూరు జిల్లాకు చెందిన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన వేసిన కమిటీ ఈ చట్టం రద్దు కావాలని సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల వాళ్లు తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటారు. అయితే రద్దయిన చట్టం వెనక తలుపు నుంచి మళ్లీ లోపలికి వచ్చింది. మద్రాసులో 1948లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో "అలవాటు నేరస్థుల" చట్టాలు వచ్చాయి. తెగ పేరు పోయింది, మనిషి పేరు వచ్చింది. పోలీస్ స్టేషన్లలో హిస్టరీ షీట్లు, సస్పెక్టు షీట్లు, రౌడీ షీట్లు అట్లనే ఉండిపోయాయి. మనం సినిమాల్లో నవ్వుకుంటూ వినే "కేడీ" అనే మాట కూడా పోలీసుల ఇంగ్లీషు పొట్టి అక్షరాల నుంచి వచ్చిందే. పేరుమోసిన దోపిడీదారు అని దాని అర్థం.

అంబేడ్కర్ 1948లో అచ్చయిన "ది అన్‌టచబుల్స్" ముందుమాటలో నేరస్థ తెగలు, ఆదిమ తెగలు, అంటరానివాళ్లు అనే మూడు సమూహాలను ఒకే వరుసలో పెట్టి, ఇటువంటి వాళ్లను తయారు చేసిన నాగరికత నాగరికతేనా అని ప్రశ్నించాడు. ఆయన లెక్కలో ఈ మూడూ ఒకే కార్ఖానా సరుకు. మన చర్చల్లో మొదటిది మాత్రం ఎక్కడో జారిపోయింది.

శాస్త్రం చేసిన పని

ఇటలీలో లాంబ్రోసో అనే డాక్టరు 1876లో ఒక పుస్తకం రాసి, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడు, వాడి పుర్రె, దవడ, చెవులు చూసి పోల్చుకోవచ్చు అన్నాడు. మన దగ్గర మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కులాల వారీగా ముక్కులు, పుర్రెలు కొలిచాడు. ఆ కొలతల విద్యను పోలీసులకు కూడా నేర్పాడు. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాకు క్లాసులో లాంబ్రోసో పాఠంగా దొరికాడు, స్టువర్టుపురం దొరకలేదు. మేము దాన్ని వేరే దారిలో వెతుక్కోవాల్సి వచ్చింది.

తర్వాతి శాస్త్రవేత్తలే లాంబ్రోసోను పడగొట్టారు. అమెరికాలో సదర్లాండ్ 1939లో, నేరం రక్తంలో ఉండదు, నేర్చుకుంటే వస్తుంది అన్నాడు. భాష నేర్చుకున్నట్టు, వంట నేర్చుకున్నట్టు, దగ్గరి మనుషుల మధ్య నేర్చుకుంటాం. ఎట్లా చేయాలో ఒక్కటే కాదు, చేయడం తప్పు కాదని మనసుకు ఎట్లా చెప్పుకోవాలో కూడా నేర్చుకుంటాం. అదే ఏడాది ఆయన ఇంకో మాట అన్నాడు: నేరశాస్త్రం పేదవాడి దొంగతనాన్నే చదువుతోంది, తెల్లచొక్కా వాళ్ల నేరాన్ని చదవడం లేదు. 1949లో 70 పెద్ద కంపెనీల చట్ట ఉల్లంఘనల మీద పుస్తకం రాస్తే, పబ్లిషరు భయపడి కంపెనీల పేర్లన్నీ తీయించాడు. పేర్లతో ఉన్న పూర్తి పుస్తకం రావడానికి 1983 దాకా పట్టింది. కేడీ లిస్టులో పేర్లు గోడకు అంటిస్తారు. కంపెనీ పేరుకు మాత్రం 34 ఏళ్ల పరదా.

1957లో సైక్స్, మాట్జా అనే ఇద్దరు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయారు. తప్పు చేసేవాడికి అది తప్పని తెలుసు. తెలిసే చేస్తాడు. మధ్యలో మనసు కొన్ని సాకులు అల్లుకుంటుంది. నా చేతిలో ఏముంది అంటాడు. ఎవరికి నష్టం జరిగింది అంటాడు. వాడికి అట్లనే కావాలి అంటాడు. నన్ను అనేవాళ్లు మాత్రం పత్తిత్తులా అంటాడు. మావాళ్ల కోసం చేశాను అంటాడు. ఈ అయిదు సాకులు పిల్లల చిల్లర దొంగతనాలను చూసి రాసినవే. కానీ వీటిని పట్టుకొని నక్కవాగు ఒడ్డుకు రండి. పటాన్‌చెరు, బొల్లారం కంపెనీల మురుగు వాగుల్లో కలిసి పొలాలు, చెరువులు పాడయ్యాయని 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు పోయింది. అప్పటి నుంచి వినిపించిన జవాబులు ఏమిటి? అందరూ వదులుతున్నారు, మేమొక్కరమేనా. నీళ్లలో కలిస్తే పలచబడుతుంది, ఎవరికీ ఏమీ కాదు. వేలమందికి ఉపాధి ఇస్తున్నాం. అవే సాకులు. జేబు కొట్టే కుర్రాడు చెబితే అది నేరస్థ మనస్తత్వం, డైరెక్టరు చెబితే అది పరిశ్రమ ప్రయోజనం.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్లు. ఆనవాలు పట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. తప్పు ఎవరిదన్నది కోర్టు తేల్చాలి, దాని మీద తీర్పు చెప్పే పని మేము పెట్టుకోలేదు. మేము గమనించింది ఒక్కటే. ఇంత పెద్ద ప్రమాదం తర్వాత కూడా "భద్రతను లెక్కచేయని మనస్తత్వం ఎట్లా తయారవుతుంది, దానికి ఏ సంస్కరణ కావాలి" అనే ప్రశ్న ఎవరి నోటా రాలేదు. రాగి తీగ పోయినప్పుడు మాత్రం మనస్తత్వం గుర్తొస్తుంది.

కులం విషయంలోనూ అంతే. స్టువర్టుపురం, కారంచేడు రెండూ చీరాల దరిదాపుల్లోవే. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. గుంపుగా పోయి మనుషుల్ని చంపిన ఆ మనసులను ఏ యూనివర్సిటీ పరిశోధించింది? ఏ కులానికి నేరస్థ కులం అని పేరు పెట్టారు? పెట్టాలని మేము అనడం లేదు. పుట్టుకను బట్టి నేరం అంటగట్టే పని ఎవరి మీద చేసినా తప్పే. అది ఒక వైపే జరిగిందని చెబుతున్నాం.

నిలకడైన పని

ఇప్పుడు పునరావాసం సంగతి. 1974లో మార్టిన్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు జైలు సంస్కరణ పథకాల మీద సమీక్ష రాస్తే, ఏదీ పని చేయదని లోకమంతా అర్థం చేసుకుంది. శిక్షలు పెంచాలనేవాళ్లకు అది అందివచ్చింది. తర్వాత కెనడాలో ఆండ్రూస్, బొంటా వంటివాళ్లు 1990 నుంచి చూపిందేమిటంటే, పని చేసేవి కూడా ఉన్నాయి. కోపం వచ్చినప్పుడు, డబ్బు కనబడినప్పుడు, దోస్తులు పిలిచినప్పుడు మనసులో ఏ ఆలోచన మెరుస్తుందో పట్టుకొని దాన్ని మార్చుకోవడం నేర్పే పద్ధతులకు ఫలితం ఉంది. ఉత్త ఉపదేశాలకు, ఉత్త భయపెట్టడానికి లేదు. మన దగ్గర కూడా ఉస్మానియా మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు బీనా ఆధ్వర్యంలో "ఉన్నతి" పేరుతో తెలంగాణ జైళ్లలో ఇటువంటి శిక్షణ నడిచింది. "విద్యాదానం" కింద ఖైదీలకు అక్షరాలు నేర్పారు. జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడిపి వాటిల్లో ఖైదీలకు, విడుదలైనవాళ్లకు పని ఇచ్చింది. వీటిని తీసిపారేయలేం. లోపల నేర్చుకున్న మనసు బయట ఎన్ని రోజులు నిలుస్తుందన్నదే అసలు చిక్కు.

ఈ చిక్కు మీద ఇద్దరి పరిశోధన మాకు ఎక్కువ ఉపయోగపడింది. శాంప్సన్, లాబ్ అనేవాళ్లు బోస్టన్‌లో చిన్నప్పుడు నేరాలు చేసిన 500 మంది పిల్లల పాత రికార్డులు వెతికి తీసి, వాళ్ల జీవితాలను పెద్దయ్యేదాకా పరిశీలించి 1993లో పుస్తకం వేశారు. చాలామంది మానేశారు. ఎందుకు మానేశారు? నిలకడైన పని దొరికింది. ఇల్లు కట్టుకొని ఉండే మనిషి తోడు దొరికింది. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడు చేయి చాపే ముందు ఆగుతాడు. ఇరవై ఏళ్లప్పుడు చేసినవి ముప్పై అయిదుకు చాలామంది చేయరనేది లోకమంతటా కనిపించే విషయం. ఆ మధ్య పదిహేనేళ్లు ఎవరు నిలబెడతారన్నదే ప్రశ్న.

ఇక పాశమైలారం గేటు దగ్గరికి రండి. నిలకడైన పని అంటే ఏది? కాంట్రాక్టరు మారితే పని పోతుంది. పన్నెండు గంటల షిఫ్టు. పీఎఫ్ నంబరు అడిగితే రేపటి నుంచి రావొద్దు. పేరు మస్టర్‌లో ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు. నేరం మాన్పిస్తుందని శాస్త్రం చెప్పిన మందు ఏదైతే ఉందో, కాంట్రాక్టు పద్ధతి సరిగ్గా దాన్నే అందకుండా చేస్తుంది. అటువంటి పనికి కూడా పోలీస్ వెరిఫికేషన్ కాగితం కావాలంటారు. కేసు కొట్టేసినా స్టేషన్లో షీటు మూసేయకపోతే ఆ కాగితం మీద ఏముంటుందో ఊహించుకోవచ్చు. 1951లో లెమర్ట్ అనే ఆయన చెప్పిన మాట ఇక్కడ అతుకుతుంది. మొదటి తప్పుకు వంద కారణాలు ఉండొచ్చు, ముద్ర పడ్డాక చేసే రెండో తప్పుకు ఆ ముద్రే కారణం అవుతుంది. దొంగ అని పిలిచి పిలిచి, దొంగకు తప్ప వేరే బతుకు దొరకని చోట నిలబెడతాం.

ముద్ర అందరి మీదా ఒకే తీరుగా పడుతుందా? డెవా పేజర్ అనే పరిశోధకురాలు 2003లో అచ్చేసిన అధ్యయనం చూడండి. అమెరికాలో మిల్వాకీ నగరంలో ఒకే అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు పంపింది. జైలు రికార్డు ఉన్నానని చెప్పిన తెల్లవాళ్లకు 17 శాతం చోట్ల మళ్లీ పిలుపు వచ్చింది. ఏ రికార్డూ లేని నల్లవాళ్లకు 14 శాతం. రికార్డున్న నల్లవాళ్లకు 5 శాతం. జైలుకు పోయొచ్చిన తెల్లవాడికన్నా జైలు ముఖం చూడని నల్లవాడే ఎక్కువ అనుమానితుడన్నమాట. మన దేశంలో థోరాట్, అటెవెల్ 2007లో చేసిన పరిశీలనలో కూడా, ఒకే చదువుతో పంపిన దరఖాస్తుల్లో దళిత ఇంటిపేరు ఉన్నవాటికి పిలుపులు తక్కువ వచ్చాయి. ఏ కేసూ లేని దళిత కుర్రాడి పరిస్థితే ఇది. కేసు కూడా ఉంటే? ఆ లెక్క ఇక్కడ ఎవరైనా తీయాలి. పటాన్‌చెరు బెల్టులో చదివే మన విద్యార్థులు ఎవరైనా పీహెచ్‌డీకి విషయం వెతుక్కుంటుంటే ఇదిగో విషయం.

సంగారెడ్డి జైలు, రెండు రకాల అతిథులు

సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత జైలు ఉంది. కొత్త జైలు కందిలో కట్టాక పాతదాన్ని మ్యూజియం చేశారు. 2016లో అక్కడ "ఫీల్ ది జైల్" అనే పథకం పెట్టారు. అప్పట్లో 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చేవాళ్లు. ఖైదీ బట్టలు, ఖైదీ పళ్లెం, ఖైదీ తిండి. హైదరాబాదు నుంచి సరదాకు వచ్చి ఉండిపోయినవాళ్లు ఉన్నారు. జైలంటే భయం పోవాలనో భయం కలగాలనో, ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ అదే జిల్లాలో, బెయిలు ఉత్తర్వు చేతికొచ్చినా జామీను ఇచ్చే మనిషి దొరక్క, పూచీకత్తుకు పొలం కాగితం లేక లోపలే ఉండేవాడి వైపు నుంచి చూడండి. ఒకడు లోపలికి పోవడానికి డబ్బు కట్టాడు, ఇంకొకడు బయటికి రావడానికి కట్టలేకపోతున్నాడు.

2022 జాతీయ లెక్కల ప్రకారం దేశంలో 5,73,220 మంది ఖైదీలు ఉంటే అందులో 75.8 శాతం విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద ఇంకా నేరం రుజువు కాలేదు. రుజువు కానివాణ్ణి దేని నుంచి సంస్కరిస్తారు? పునరావాసం గురించిన పుస్తకాలన్నీ శిక్షపడ్డ ఖైదీని దృష్టిలో పెట్టుకొని రాసినవి. మన జైళ్లు నిండేది శిక్ష పడని వాళ్లతో. 2019 చివరి లెక్కలను పార్లమెంటులో చెప్పినప్పుడు, ఖైదీల్లో దాదాపు 66 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలని తేలింది.

లోపల కూడా కులం ఉంది. ఎవరు ఊడవాలి, ఎవరు వండాలి అన్నది చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి రాసి ఉండేది. జర్నలిస్టు సుకన్యా శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. విముక్త జాతుల వాళ్లను అలవాటు నేరస్థులుగా చూసే రాతలను కూడా కొట్టేసింది. 1952లో పోయిందనుకున్నది 2024 దాకా మాన్యువల్లో బతికి ఉందని సుప్రీంకోర్టే చెప్పినట్టయింది.

ముద్ర తుడవడం ఎంత కష్టమో స్టువర్టుపురమే చెబుతుంది. 1970ల్లో లవణం, హేమలతా లవణం అక్కడా, కప్పరాళ్లతిప్ప వంటి చోట్లా పని చేశారు. హేమలత మహాకవి జాషువా కూతురు. నేరం మానేస్తామన్న వాళ్లను కూడగట్టడం, పాత కేసుల చిక్కులు విప్పించడం, పిల్లల చదువు, బతుకుదెరువు అన్నీ కలిపి చూశారు. మనసు మార్చే పని, కేసు మార్చే పని విడివిడిగా చేయలేదు. మాకు వాళ్ల పద్ధతిలో నచ్చినది ఇదే. "నేరస్థుల సంస్కరణ" అనే ఆ పేరే ఒక ఊరి మొత్తానికి ఇంకోసారి ముద్ర వేస్తుంది కదా అనే అనుమానం మాత్రం ఉంది. ఆ ఊరి పిల్లలు చదివి ఉద్యోగాలకు పోయారు. సినిమాకు ఆ ఊరి పేరు దొరికితే చాలు. 1991లో ఒకటి కాదు రెండు సినిమాలు ఆ పేరుతో వచ్చాయి. 2023లో "టైగర్ నాగేశ్వరరావు" వచ్చినప్పుడు తమ జాతిని కించపరుస్తున్నారని ఎరుకలు కోర్టుకు పోవాల్సి వచ్చింది.

మనవాడు చేసిన నేరం

ఇంతా చెప్పాక ఒక అపార్థం రాకుండా చూసుకోవాలి. కులం వల్ల, పేదరికం వల్ల అన్నంత మాత్రాన నేరం నేరం కాకుండా పోదు. మన వాడల్లో జరిగే దొంగతనానికి నష్టపోయేది మనమే. కూలి డబ్బులు పోగొట్టుకునేది పక్కింటి అక్కే. తాగొచ్చి భార్యను కొట్టేవాడు కులం పేరు చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదు. "కంపెనీలో మేస్త్రీ తిట్టిండు, ఆ కోపం ఇంట్లో తీర్చుకున్న" అనేది వివరణే గాని మాఫీ కాదు. నా చేతిలో ఏముంది అనే సాకు మన నోటి నుంచి వచ్చినా సాకే. అది కులం భాషలో వస్తే కార్యకర్తలం తొందరగా నమ్ముతాం. అక్కడ జాగ్రత్త కావాలి.

పేదలందరూ నేరం చేయరు. ఒకే వాడలో, ఒకే ఇంట్లో ఒకడు చేస్తాడు, ఇంకొకడు చేయడు. కాబట్టి మనిషికి ఎంచుకునే చోటు కొంత ఉంది. ఆ చోటు ఎంత ఇరుకుగా ఉందన్నది కులం, ఉపాధి, పోలీసు కలిసి నిర్ణయిస్తాయి. బ్రిటన్‌లో మరూనా అనే పరిశోధకుడు నేరం మానేసినవాళ్లతో లివర్‌పూల్‌లో మాట్లాడి 2001లో రాసిన పుస్తకంలో ఒక సంగతి కనిపెట్టాడు. మానేసినవాళ్లు తమ పాత బతుకును దాచుకోలేదు. "అసలు నేను చెడ్డవాణ్ణి కాదు, అందులోంచి వచ్చాను గనక ఇప్పుడు ఇంకొకరికి పనికొస్తాను" అనే కథ తమకు తాము చెప్పుకోగలిగారు. ఆ కథను నమ్మే నలుగురు కావాలి. మన సంఘాలు ఆ నలుగురు కాగలవా? జైలు నుంచి వచ్చినవాణ్ణి అంబేడ్కర్ జయంతి కమిటీలో కూర్చోబెట్టగలమా? అతని చేతిలో దెబ్బలు తిన్న ఆమె కూడా అదే వాడలో ఉన్నప్పుడు, ఆమెను అడగకుండా కూర్చోబెట్టవచ్చా? మేము విన్నంతలో ఈ రెండో ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ముందు ఆమెను అడగాలనే మా అభిప్రాయం.

చేతిలో ఉన్న చట్టాలు

కార్యకర్తలకు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాం. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు 1987 న్యాయసేవల చట్టం కింద వకీలు ఉచితం. సంగారెడ్డి కోర్టులోనే జిల్లా న్యాయసేవల సంస్థ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 479 సెక్షన్ ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకపోతే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద వదలాలి. పాత శిక్ష ఉన్నవాడికి సగం కాలం. ఒకటికి మించి కేసులు నడుస్తుంటే మాత్రం ఇది వర్తించదు. ఈ చట్టానికి ముందు కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. రాశాడా లేదా అని అడిగేవాళ్లు ఉండాలి.

1958 ప్రొబేషన్ చట్టాన్ని మన వకీళ్లు కూడా మరిచిపోయారు. యావజ్జీవం పడని నేరాల్లో 21 ఏళ్ల లోపు కుర్రాడికి జైలు శిక్ష వేయాలంటే కోర్టు కారణాలు రాయాలి. రాయలేకపోతే ప్రొబేషన్ మీద వదలాలి. ఆ చట్టం 12వ సెక్షన్ ఇంకా ముఖ్యం. ప్రొబేషన్ మీద విడుదలైనవాడికి, శిక్ష పడినవాళ్లకు వర్తించే అనర్హతలు వర్తించవు. నేరం రుజువైన సంగతి మాత్రం చెరిగిపోదు, ప్రవర్తనను చూసి సర్కారు యజమాని చర్య తీసుకోవచ్చని కోర్టులు అన్నాయి. అయినా గేటు దగ్గర చూపించడానికి ఒక కాగితం చేతిలో ఉండటం ఉత్త చేతులకన్నా మేలు. పద్దెనిమిది ఏళ్ల లోపు చేసిన తప్పుకు 2015 బాలల న్యాయచట్టం 24వ సెక్షన్ అనర్హత లేదంటుంది. పెద్దవాడిగా విచారించిన పదహారు దాటిన పిల్లల కేసులు మినహాయింపు. మిగతావాళ్ల రికార్డు గడువు తీరాక నాశనం చేయాలి కూడా.

కాబట్టి మన దగ్గరికి పని కోసం తిరిగే కుర్రాడు వస్తే మొదట అడగాల్సినవి మూడు: తీర్పు ప్రతి ఉందా, ప్రొబేషన్ అయితే ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకున్నావా, స్టేషన్లో షీటు ఇంకా తెరిచే ఉందా. మూడోదానికి జవాబు అతనికి తెలియకపోతే సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగాలి, షీటు మూసేయమని ఎస్పీకి దరఖాస్తు పెట్టాలి. కాపీ మీద తేదీ, స్టాంపు వేయించుకోవడం మరిచిపోవద్దు.